పెసరట్టుకు ఒక్కపొద్దు

"ట్యాంకులో జంతువును మీరే కదిపారు మామ్మగారూ. వైపరు పెట్టి నెట్టారు. ఒప్పేసుకోండి, నేనేం అనను."

"అననంటనే ఇంతసేపు అన్నవు. నేను దాన్ని ముట్టలే. ముట్టితే ఈ చెయ్యి పడిపోవాలె."

"మరి దానంతటదే నడిచిందా? దానికి కాళ్లున్నాయా?"

"ఉన్నయో లేవో నువ్వు చెప్పాలె. అన్ని పుస్తకాలు చదివినదానివి నువ్వు. నేను నాలుగో తరగతిల మానేసిన."

"నేను గీసిన ఎర్రగీత ఇదిగో, ఇక్కడుంది. అదేమో అక్కడుంది. బెత్తెడు దూరం! నెల రోజులుగా చూస్తున్నాను, రోజూ కొంచెం కొంచెం. పెద్దావిడ కదా అని ఊరుకున్నాను."

"ఊరుకొని ఏం చేసినవ్? నోట్‌బుక్కుల రాసుకున్నవ్. మొదటి దినమే మొకం మీద అడిగితే అయిపోయేది గదా."

"గీత తప్పని మాత్రం అనకండి. స్కేలు పెట్టి గీశాను."

"ఆ స్కేలు నేను చూసిన. దాని మూల విరిగింది."

అంతే, రీసెర్చి పోరి శిరీష కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "రెండు నెలల రీడింగులు మామ్మగారూ. అన్నీ దండగ. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి" అని కుర్చీల కూలబడ్డది.

అప్పుడే మా ల్యాబు పెద్ద మాధవ సారు చాయ్ కప్పు పట్టుకొని వచ్చిండు. "ఏంది ఈ లొల్లి? మెట్ల దాక ఇనబడుతున్నది" అన్నడు. ఇద్దరం ఒక్కసారే చెప్పినం. సారు ఇద్దరి మొకాలు చూసిండు. ఎవరు ఏడుస్తుంటే వాళ్ల దిక్కే న్యాయం ఉంటదని సారు నమ్మకం. నాకు పనిల ఏడ్చే అలవాటు లేదు.

"నర్సమ్మా, ట్యాంకు రూం తాళంచెవి నాకియ్యి. రేపు పొద్దున తేల్చుదాం. నువ్వు ముట్టినట్టు తేలితే స్టోరుకు మార్చుడే" అన్నడు.

ఆ తాళంచెవి అప్పటికి పదకొండేండ్ల సంది నా నడుముకుండె. స్టోరంటే ఏందో చెప్త: అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, పాత ఫ్యాన్లు. బల్లులు తప్ప బతికున్నది ఒక్కటుండదు.

ఈ లొల్లి ఎట్ల తెగిందో చెప్పాలంటే ముందు పని సంగతి చెప్పాలె.

ఎవరి కోసం రాస్తున్న

మా లాల్‌దర్వాజా గల్లీల స్వరూప అనే పిల్ల ఈ మధ్య ఒక ల్యాబుల అటెండరుగ చేరింది. "అమ్మమ్మా, గక్కడ పనేముంటది, ఊడ్చుడేనా?" అని అడిగింది. నోటితోని చెప్తే సగం ఫోను చూసుకుంటనే వింటది. అందుకని రాసిన. ల్యాబుల పారేసిన కాగితాలు అడిగి తెచ్చుకున్నయి కట్టలు కట్టలున్నయి, ఒక దిక్కు తెల్లగ ఉన్నయి. వాటి మీదనే రాస్తున్న. ఎనక దిక్కు గ్రాఫులు కనబడితే స్వరూప వాటిని పట్టించుకోవద్దు. అవి గీసినోళ్లు గూడ పట్టించుకోలే.

ఎప్పుడు చేరిన, ఎప్పుడు పర్మినెంట్ అయిన, రిటైర్మెంటు రోజు ఎవరు ఏ శాలువా కప్పిండ్రు, అవన్నీ రాయను. శాలువా పల్చగుండె, అంతే.

హైదరాబాదుల సముద్రం

మా ల్యాబు కంచన్‌బాగ్ పోయే తోవల ఉండె. పేరెందుకు. సముద్రం చూడాలంటే ఎవరైనా రైలెక్కి ఒక రాత్రంతా పోవాలె. మాకు మాత్రం సముద్రం రెండో అంతస్తుల, బాత్రూం పక్కన ఉండె. దాన్ని దినాం తయారు చేసేది నేను.

ఉప్పు సంచులల్ల వస్తది. ఇంట్ల కూరల వేసే ఉప్పు కాదు, దాన్ల ఇంకా ఏవేవో కలిపి ఉంటయి. వడబోసిన నీళ్లు పెద్ద డ్రమ్ముల పోసి, ఆ ఉప్పు తూకం ప్రకారం వేసి, మోటరు పెట్టి ఒక దినమంతా తిప్పాలె. తెల్లారి ఉప్పు చూసే గాజుగొట్టం ముంచి, గీతకు వచ్చిందో లేదో చూడాలె. ఎక్కువైతే నీళ్లు, తక్కువైతే ఉప్పు. పప్పుచారు లెక్కనే, నోట్ల పెట్టుకొని చూడొద్దు అంతే. మొదటి వారం నేను పెట్టుకొని చూసిన. అందుకే చెప్తున్న.

అసలు సముద్రం నేను ఇంతవరకు చూడలే. చూడాలని గూడ లేదు. అన్ని నీళ్లు ఎవరు కలిపిండ్రో, అడుగున ఎంత పాచి ఉన్నదో, ఎవరు కడుగుతరో అని చూసిన కాన్నుంచి ఫికర్ పట్టుకుంటది.

స్వరూపా, నీకు మూడు మాటలు చెప్త. సబ్బు చేతితోని ట్యాంకుల చెయ్యి పెట్టకు. పసుపు రాసుకున్న దినం అసలే పెట్టకు. తెల్వనిది తెల్వదని చెప్పు. ఈ మూడో మాట సార్లకు గూడ పనికొస్తది గనీ వాళ్లకు చెప్పే తాకత్ నాకు లేకుండె.

నేను తోమిన స్పాంజి

నా మొదటి తప్పు శారద మేడం ఉన్నప్పుడు జరిగింది. మా మొదటి పెద్ద మేడం ఆమెనే. ఏసీ పద్దెనిమిది మీద పెట్టుకొని, పైన స్వెట్టర్ ఏసుకునే రకం. ఏసీ ఎందుకు, స్వెట్టర్ ఎందుకు, రెండూ తీసేస్తే అయిపోతది గదా అని నాకు దినాం అనిపించేది. ఒక దినం అన్న గూడ. మేడం నవ్వి, ఇంకో డిగ్రీ తగ్గించింది.

ఆమె ట్యాంకుల ఒక స్పాంజి ఉండె. స్పాంజి అంటే గిన్నెలు తోమేది కాదు, సముద్రంల బతికే జంతువు. రాయి లెక్క ఒక్క కాడ కూసుంటది. పొద్దున నేను చూసేసరికి దాని మీదంతా పచ్చగ ఉన్నది. పాచి పట్టింది, మేడం సెలవుల ఉంది, వచ్చేసరికి తెల్లగ చేసి పెడదాం అనుకున్న. పాత పళ్లబ్రష్షు తీసుకొని కూసున్న. ఆ బ్రష్షు మా పెద్దోనిది, ఇంకా రెండేండ్లు పనికొస్తది. పొద్దంతా తోమిన. రాగిచెంబు గూడ గంత శ్రద్ధగ ఎప్పుడూ తోమలే.

మేడం వచ్చి చూసింది. "నర్సమ్మా, ఏం చేసినవ్?" అన్నది.

"సాఫ్ చేసిన మేడం."

"రా. గిటు రా" అని మైక్రోస్కోపు ముందు స్టూలు ఏసి కూసోబెట్టింది. నేను తోమిన నీళ్లల్ల ఒక చుక్క పెట్టి చూడుమన్నది. ఆకుపచ్చ పూసల లెక్క కనబడ్డయి, లెక్కలేనన్ని. కొన్ని పగిలి ఉన్నయి.

"ఇది పాచి కాదు. బ్యాక్టీరియా. ఈ జంతువు పైపొరల ఇవి కాపురముంటయి. చెట్టు ఆకు ఎట్లయితే ఎండతోని తిండి వండుకుంటదో, ఇవి గూడ గట్లనే వెలుతురుతోని వండుతయి. దాన్ల ఇంత ఈ జంతువుకు పెడుతయి. ఇల్లు దానిది, వంట వీటిది."

"కిరాయిదార్లా మేడం?"

"అట్లనే అనుకో."

మా మేడ మీద కిరాయికున్నోళ్లు ఒక పండుగకు గిన్నెడు పాయసం పంపి ఆర్నెల్లు చెప్పుకుంటరు. ఇవి చూస్తే దినాం వండి పెడుతున్నయి, ఒక్క మాట లేకుండ. నేను పోయి వాటిని పళ్లబ్రష్షుతోని ఇల్లు ఖాళీ చేయించిన. ఆ స్పాంజి వారంల తెల్లబడి సచ్చింది. మేడం తిట్టలే. తిడితే నేను గూడ ఎదురు ఏదో అనేదాన్ని, అయిపోయేది. తిట్టలేదు గనుక ఇన్నేండ్లైనా యాదికున్నది.

ఆ దినం ఒట్టు పెట్టుకున్న. ట్యాంకుల నీళ్లు మారుస్త, అద్దాలు బయట తుడుస్త, జంతువును మాత్రం ముట్టను. కానీ నా ఒట్టు ల్యాబుల ఎవరికీ యాది లేదు. నా బ్రష్షు అందరికీ యాదున్నది. కొత్తగ ఎవరు చేరినా మొదటి దినమే ఆ కథ చెప్పి నవ్వుకుంటరు. శిరీషకు గూడ చెప్పిండ్రు. నా మీద అనుమానం అందుకే అంత జల్ది వచ్చింది.

పెసరట్టు వచ్చింది

శారద మేడం పోయినంక మాధవ సారు వచ్చిండు. మంచోడే. ఏదడిగినా "రాసియ్యి" అంటడు. బకెట్టు పగిలిందంటే రాసియ్యి, చీమలు పట్టినయంటే రాసియ్యి. ఒకసారి ఆయన సీటు కింద తేలు ఉన్నదని చెప్పిన. రాసి... అని కాళ్లు పైకి తీసుకున్నడు.

శిరీష ఆయన కింద రీసెర్చికి వచ్చిన పిల్ల. కాకినాడ. మాటకు ముందు మామ్మగారూ, మాటకు ఎనక మామ్మగారూ. నాకు కోపం వచ్చినప్పుడు గూడ ఆ గారు వల్ల సగం తగ్గుతది. తమిళనాడు కింది కొసన సముద్రంల నుంచి ఆమె ఒక జంతువును తెచ్చింది, ఐస్ డబ్బాల, ఒడిల పెట్టుకొని, రైల్ల పడుకోకుండ.

మూత తీస్తే నేను చూసిన. పల్చగ, గుండ్రంగ, ఆకుపచ్చగ, మీద చిన్న చిన్న రంధ్రాలు. "ఇదేంది బిడ్డా, పెసరట్టు తెచ్చినవ్?" అన్న. దానికి గజం పొడుగు పేరేదో ఉన్నది. ఆ దినం నుంచి అందరూ పెసరట్టనే అన్నరు. సారు గూడ మీటింగుల ఒకసారి అనేసి, దగ్గు వచ్చినట్టు చేసిండు.

అది ఒక్క జంతువు కాదు, మస్తు చిన్న జంతువులు కలిసి ఒక్క దుప్పటి కప్పుకున్నట్టు ఉంటదట. ఒక్కో రంధ్రం ఒక్కో నోరు. వాటి కడుపులల్ల ఆకుపచ్చ బ్యాక్టీరియా ఉంటది. పుట్టే పిల్లలు నీళ్లల్లకు ఈదుకుంట పోయేటప్పుడు ఆ పచ్చదాన్ని ఇంత ఒంటికి అంటించుకొని పోతయట. కొత్త కాపురం పెట్టే పిల్ల తల్లి ఇంటి నుంచి పెరుగు తోడు గిన్నెల పట్టుకపోయినట్టు. ఇది ఇన్న దినం నాకు పెసరట్టు మీద గౌరవం కలిగింది. తోడు మరిచిపోయేటోళ్లను నేను మస్తుమందిని చూసిన. మా ఇంట్లనే ఉన్నరు.

శిరీష రెండు పనులు పెట్టుకున్నది. ఒకటి, ఆ పచ్చదాన్ని జంతువు నుంచి తీసి సీసాల విడిగ పెంచాలని. దినాం ఒక సీసా పెట్టేది. మొదటి దినం పచ్చగ, రెండో దినం పసుపు, మూడో దినం బియ్యం కడుగు. సీసాలు కడగలేక నా వేళ్లు నానిపోయినయి. "అమ్మా, దానికి ఇల్లు కావాలె, సీసా కాదు" అన్న. "ఎవరికీ కుదరలేదండి, నాకు కుదిరితే గొప్ప" అన్నది. ఎవరికీ కుదరలేదని తెలిసి గూడ ఇన్ని సీసాలు కడిగించింది చూడు.

రెండో పని, పెసరట్టు ఒంట్ల ఉన్నప్పుడు ఆ పచ్చది దినానికి ఎంత గాలి వదులుతదో కొలుచుడు. ట్యాంకు నడుమల పెసరట్టును పెట్టి, బయట అద్దం మీద కాగితపు స్కేలు అంటించి, దాని అంచు ఎక్కడుందో అక్కడ ఎర్రగీత గీసింది. మిషను పుల్లను ఆ గీత దగ్గర కదలకుండ బిగించింది. దినాం పొద్దున తొమ్మిదింటికి రీడింగు. "ఇది ఇక్కడ్నుంచి జరక్కూడదు మామ్మగారూ, జరిగితే అంతా పోయినట్టే" అన్నది. సరే అన్న.

నా పొదుపు

ఇప్పుడు నా రెండో తప్పు చెప్త.

ట్యాంకు పైన రెండు ట్యూబులైట్లుండె. ఒకటి తలుపు దిక్కు, ఒకటి గోడ దిక్కు. ఒక్కటే స్విచ్చు, దానికి గడియారం కట్టి ఉండె. పొద్దున ఆరింటికి వెలుగుతయి, సాయంత్రం ఆరింటికి ఆరిపోతయి. శిరీష తొమ్మిదింటికి వచ్చి, రీడింగు తీసుకొని పదింటికల్లా కింద రూంకు పోతది. అప్పటి నుంచి రూంల మనిషి ఉండడు. మనిషి లేని రూంల రెండు లైట్లు వెలుగుతుంటే నేను మీటరు లెక్కలు వేసుకునేదాన్ని. మా ఇంట్ల అయితే ఒక గదిల లైటేసి ఇంకో గదికి పోయినోడు అన్నం తినలే.

అయినా ఓపిక పట్టిన. ఇంతల ఆషాఢం వచ్చింది. బోనాల నెల. మా ఇంట్ల నేను ఒక్కపొద్దు ఉంటా, పొద్దు మొత్తంల ఒక్కసారే తినుడు. కోడలు ఉంటది, చెల్లె ఉంటది. శారద మేడం మాట నాకు యాదికి వచ్చింది, వీటికి వెలుతురే తిండి అని. లాల్‌దర్వాజాల ఆడోళ్లందరూ ఒక్కపూట తిని ఉంటుంటే, ఇదెవతె రెండు ట్యూబులు తినేటందుకు?

కోపంతోని కాదు, మంచికే అనుకున్న. ఒక్కపొద్దు ఉంటే కడుపు తేలికైతది.

పదింటికి శిరీష కిందికి పోంగనే తలుపు దిక్కు ట్యూబును చేత్తోని ఇంత తిప్పేదాన్ని. ట్యూబు అక్కడనే ఉంటది, వెలగదు అంతే. తెల్లారి ఎనిమిదిన్నరకు వచ్చి మళ్ల తిప్పితే వెలుగుతది. శిరీష వచ్చేసరికి రెండు ట్యూబులు, పెండ్లిపందిరి లెక్క. నెల రోజులు గట్లనే నడిచింది. పెసరట్టు రంగు గూడ ఇంకింత ముదురు పచ్చగైంది. ఒక్కపొద్దుతోని మొకానికి కళ వచ్చిందనుకొని సంతోషపడ్డ.

స్వరూపా, ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకో. నేను జంతువును ముట్టలే. ఒట్టు తప్పలే. ట్యూబును ముట్టిన, గంతే. లొల్లి నాడు శిరీష "ముట్టుకున్నారు" అంటే నాకు అంత పౌరుషం అందుకే వచ్చింది. ట్యూబుకు, జంతువు జరుగుడుకు ఏం సంబంధం ఉన్నదని నాకు కలల గూడ రాలే.

బొట్టుబిళ్ల

మళ్ల లొల్లి కాడికి వస్త. సారు తాళంచెవి అడిగిండు. నేను నడుము నుంచి విప్పిన.

"సార్, ఇస్త. కానీ ఒక్క షరతు. తాళంచెవి మీ జేబుల ఉంటది, రూంలకు నేను రాను. రేపు పొద్దున అందరి ముందర తీయండి. అది ఉన్న కాడనే ఉంటే నేనే తప్పు. జరిగి ఉంటే మాత్రం ఈ పిల్ల నా పేరు తీయొద్దు."

"జరగదు మామ్మగారూ. అది అతుక్కుని ఉండే జీవి" అన్నది శిరీష, ముక్కు తుడుచుకుంట.

"అతుక్కునేది ఇక్కడికెట్ల వచ్చిందంటున్నవ్ మరి?"

"మీరు నెట్టారు కాబట్టి!"

"చాలు, చాలు" అన్నడు సారు. "గుర్తు ఏం పెడుతవ్?"

మా ఇంట్ల నూనె సీసకు, నెయ్యి గిన్నెకు బయట బొట్టుబిళ్ల అంటించి పెడుతా. ఎంత వరకుందో అంత వరకు. నేను బజారుకు పోయొచ్చేసరికి నూనె బిళ్ల కిందికి పోతే, అడగాల్సిన పని లేదు, కోడలు మొకమే చెప్తది. కాగితపు స్కేళ్ల మీద నాకు నమ్మకం లేదు. నుదుటి మీది బిళ్ల తీసిన, పెసరట్టు గోడదిక్కు అంచు ఎక్కడున్నదో సరిగ్గ అక్కడ అద్దం మీద అంటించిన.

ఎలక్ట్రీషియన్ ఖాజా భాయ్ అప్పుడే ఏసీ చూడనీకి వచ్చి తలుపుల నిలబడ్డడు. "అరె నర్సమ్మక్కా, దాని పెండ్లి చేస్తున్నవా ఏంది?" అన్నడు.

"నువ్వు సాక్షివి. నవ్వకు, చూడు."

అందరం చూసినం. సారు, శిరీష ముందు బయటికి పోయిండ్రు, ఎనక ఖాజా భాయ్. ఆఖరుకు నేను. తలుపు దాటేటప్పుడు నా చెయ్యి దానంతట అది పైకి పోయింది. నెల రోజుల అలవాటు. తలుపు దిక్కు ట్యూబును ఇంత తిప్పింది. నేను తలుపేసి, తాళమేసి, చెవి సారు చేతిల పెట్టిన.

సాయంత్రం షేర్ ఆటోల కూసున్న. చాంద్రాయణగుట్ట దాటినంక నాకు ట్యూబు యాదికొచ్చింది. తెల్లారి ఎనిమిదిన్నరకు ట్యూబు మళ్ల తిప్పేదెవరు? తాళంచెవి సారు జేబుల ఉన్నది. నెల రోజులల్ల మొదటిసారి, నా ఒక్కపొద్దు అందరి కండ్ల ముందర బయటపడబోతున్నది. "భయ్యా, ఆపు" అని గూడ అన్న. ఆపిండు. "ఉత్రనా హై క్యా అమ్మా?" అన్నడు. దిగి ఏం చేస్త? "నై, చలో" అన్న. పక్కన కూసున్నామె నన్ను చూసి కొంచెం దూరం జరిగింది.

తెల్లారి

తెల్లారి తొమ్మిదింటికి నలుగురం తలుపు ముందర నిలబడ్డం. సారు తాళం తీసిండు.

"అరె, ఇదర్ కా ట్యూబ్ గయా" అన్నడు ఖాజా భాయ్.

ఎవరూ ఆయన మాట ఇనలే. శిరీష ఉరికి అద్దం దగ్గర కూసున్నది. బిళ్ల ఉన్న కాడనే ఉన్నది. పెసరట్టు లేదు. బిళ్లను దాటి నువ్వుగింజంత గోడ దిక్కు పోయింది. నువ్వుగింజంతనే. కానీ దాటింది.

"సార్, కదిలింది" అన్నది శిరీష. "సార్, ఇది నడుస్తోంది."

సారు వంగి చూసిండు, కండ్లజోడు తీసి చూసిండు, పెట్టుకొని చూసిండు. "రాసి..." అని ఆగిపోయిండు.

శిరీష తల పైకెత్తింది. వెలిగే ట్యూబును చూసింది, వెలగని ట్యూబును చూసింది, మళ్ల పెసరట్టును చూసింది. "వెలుతురు వైపు పోతోంది. లోపలున్నవాటికి వెలుతురు కావాలి కాబట్టి ఇల్లే నడుచుకుంటూ పోతోంది!" అన్నది. అట్ల అని మళ్ల మొకం చిన్నబుచ్చుకున్నది. "కానీ ట్యూబు పోయింది నిన్ననే కదా సార్. నెల రోజులుగా రెండూ వెలుగుతూనే ఉన్నాయి. మరి ఆ బెత్తెడు ఎలా పోయింది?"

సారు తాళంచెవిని నా దిక్కు చాపిండు. "ఏదైనా గానీ, నర్సమ్మ ముట్టలేదు. తీసుకో" అన్నడు.

తీసుకుంటే అయిపోయేది. నా తప్పు లేదని తేలింది, స్టోరు తప్పింది. కానీ ఆ పిల్ల అద్దం ముందర కూసొని వేళ్ల మీద దినాలు లెక్క పెడుతున్నది, లెక్క కలుస్తలేదు. ఆ లెక్క కలిపే ముక్క నా దగ్గరనే ఉన్నది.

"చెవి తర్వాత ఇయ్యండి సార్" అన్న. "ట్యూబు కాలిపోలే. ఖాజా భాయ్, తిప్పు దాన్ని."

ఖాజా భాయ్ తిప్పిండు. వెలిగింది.

అప్పుడు మొత్తం చెప్పిన. ఆషాఢం మొదటి దినం నుంచి, పదింటికి తిప్పుడు, ఎనిమిదిన్నరకు మళ్ల తిప్పుడు.

"ఎందుకు?" అన్నడు సారు.

"ఒక్కపొద్దు పెట్టిన సార్."

"ఎవరికి?"

"పెసరట్టుకు."

ఖాజా భాయ్ గోడ దిక్కు తిరిగిండు, ఆయన భుజాలు ఊగుతున్నయి. సారు నవ్వలేదు. తాళంచెవిని నాకు ఇయ్యలేదు, జేబుల గూడ పెట్టుకోలేదు. పోయి శిరీష చేతిల పెట్టిండు. "నీ జంతువు, నీ రీడింగులు. నువ్వు చెప్పు" అన్నడు.

శిరీష నన్ను చూసింది. నేను ఆమె దిక్కే చూసిన, నేల దిక్కు చూడలే. తప్పు చేసినోళ్లు నేల చూస్తే ఎదుటోళ్లకు తిట్టనీకి రాదు.

"ఏ రోజు మొదలెట్టారో తేదీ గుర్తుందా మామ్మగారూ?"

"ఆషాఢం మొదటి దినం. ఒక్క దినం గూడ తప్పలే. ఆదివారాలు మాత్రం సెలవు, శనివారం ఇంటికి పోయేటప్పుడే మళ్ల తిప్పి పోయేదాన్ని, రెండు ట్యూబులు వెలిగినయి."

ఆమె నోట్‌బుక్కు తీసింది, పేజీలు తిప్పింది, వేలు పెట్టుకుంట చూసింది. ఆదివారాలు దాదాపు కదలలేదు. మిగిలిన దినాలల్ల కదిలింది. రెండు నెలలల్ల మొదటి నెల ఉన్న కాడనే ఉన్నది, రెండో నెల నడిచింది. ఆమె పుస్తకం మూసి తాళంచెవిని నా చేతిల పెట్టింది.

"ఈవిడకే ఇవ్వండి సార్. ఇంత క్రమం తప్పకుండా నేను కూడా చెయ్యలేదు."

"ట్యూబు?" అన్నడు సారు.

"ట్యూబు నేను చెప్పినప్పుడు మాత్రమే తిప్పుతారు. కదా మామ్మగారూ?"

"రాసియ్యి" అన్న.

ఆ దినం పెసరట్టుకు రెండు పూటల తిండి పెట్టినం. శిరీష పాత కాగితపు స్కేలును పీకేసింది. కొత్తగ గుర్తులు పెట్టుకోవాలె, బొట్టుబిళ్లల ప్యాకెట్టు ఉంటే ఇయ్యమని అడిగింది. ప్యాకెట్టు ఇయ్యలే. ఒక్క బిళ్ల ఇచ్చిన, జిగురు పోకుండ తీసి సాయంత్రం మళ్ల ఇయ్యాలని చెప్పిన. ఆరింటికి ఇచ్చింది. నుదుటికి పెట్టుకొని ఇంటికి పోయిన.